ఇద్రీస్ గారు సంతకం పెట్టని పటాలు

శుక్రవారం పొద్దున, దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో మా వీధింకా నిద్ర లేవకముందే ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చాలా నిదానంగా, "మీరు మల్లేశం గారేనా? నేను డాక్టర్ ఇద్రీస్ కూతుర్ని. కైరో నుంచి మాట్లాడుతున్నాను. నాన్నగారు పోయారు. ఖార్టూమ్‌లో మా పక్కింటివాళ్ళు ఖననం చేశారట. నాకు కూడా కబురు నిన్ననే అందింది," అంది. ఆవిడ పేరడిగాను. చెప్పింది. ఏడుపు అయిపోయిన మనిషి గొంతు అది. మా ఆవిడ టీ తెచ్చి ముందు పెట్టింది గాని తాగబుద్ధి కాలేదు. కారు తీసి దోహా పాత పేట నజ్మాకు వెళ్ళాను. ఈ దేశంలో ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఒక్క జాఫర్ భాయే ఉన్నాడు.

జాఫర్ భాయ్‌ది బోధన్ దగ్గర ఊరు. ఒకప్పుడు మా క్యాంపులో వంటమనిషి, ఇప్పుడు నజ్మా సందులో ఆరు బల్లల హోటల్ నడుపుతాడు. జుమ్మా నమాజు తర్వాత వచ్చే జనం కోసం ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నేను చెప్పగానే కత్తి పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి దువా చదివి, మొహం తుడుచుకున్నాడు. "కూసోండి సార్," అన్నాడు. "పెద్దాయన పోయిండంటె మనకు ఖతర్ల బాప్ పోయినట్టే." బల్ల దగ్గర కూర్చున్నాను. వెనక గదిలో కుక్కర్లు కూస్తున్నాయి. అలా కూర్చున్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన కాఫీ వాసన.

నేను పుట్టింది గోదావరి ఒడ్డున బొగ్గు బావుల ఊళ్ళో. నాన్న భూమి లోపలికి దిగి పనిచేసేవాడు. నేను భూమి పైన నిలబడి లోపల ఏముందో చెప్పే చదువు చదివాను. ఖతర్‌లో జియాలజిస్టు ఉద్యోగం వచ్చిందంటే మా మేనత్త నవ్వింది. "దుబాయ్‌ల ఇసుక తప్ప ఏమున్నదిరా, ఏం రాళ్ళు జూస్తవు?" అని. మావాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. నేను చూడబోయేది ఖతర్ ఉత్తరపు కొస. రోడ్డు వదిలాక చాలా దూరం రాళ్ళూ మట్టీ తప్ప ఏమీ ఉండని చోటు. అక్కడక్కడా మనుషులు ఎప్పుడో వదిలిపోయిన జాలరుల పల్లెల మొండిగోడలు, వాన పడితే నీరు చేరి రేగుచెట్లు పెరిగే పల్లపు మైదానాలు, వాటి అంచున సముద్రం. ఆ నేలంతా సున్నపురాయి. అడుగున నీరు కరిగించుకుపోయి, పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల బోలుగా ఉంటుంది. ఎక్కడో ఒకచోట కుంగి బావిలా నోరు తెరుస్తుంది. కొత్త రోడ్లూ పైపులూ వేయకముందే ఎక్కడ నేల గట్టిదో, ఎక్కడ నమ్మకూడదో పటం గీసి ఇవ్వాలి. ఆ పని ఒక చిన్న సర్వే కంపెనీ చేతిలో ఉండేది. అందులో నేను అందరికన్నా కొత్తవాణ్ణి.

క్యాంపు అంటే నాలుగు పోర్టా క్యాబిన్లు, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక జనరేటరు. మనుషులం నలుగురం. వంటకు జాఫర్ భాయ్. జీపు నడపడానికి, రాళ్ళ సంచులు మోయడానికి జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన రాజన్న. నేను. మా అందరికీ పెద్ద, సూడాన్ దేశస్థుడు డాక్టర్ ఇద్రీస్. అప్పటికే అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండిన తుమ్మమానులా ఉండేవారు. తెల్లారకముందే లేచి చిన్న ఇనుప మూకుడులో పచ్చి కాఫీ గింజలు వేయించేవారు. మాడుతున్న గింజలను మా ముక్కుల దగ్గరికి తెచ్చి వాసన చూపించి, తర్వాత శొంఠి వేసి దంచేవారు. ఆ శొంఠి ఘాటుకు మా నానమ్మ చేసే కషాయం గుర్తొచ్చి మొదటి రోజుల్లో నాకు కళ్ళు చెమర్చేవి. అడుగు బయటపెడితే దుమ్ము కొట్టుకుపోయే చోట రోజూ బూట్లు పాలిష్ చేసుకునేవారు. సాక్సులు చిరిగితే తనే కుట్టుకునేవారు. రంగు పెన్సిళ్ళు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. చిన్న చాకుతో, పచ్చిమిరపకాయ చీల్చినంత జాగ్రత్తగా చెక్కుకునేవారు.

ఎండ ముదరకముందే నడిచేవాళ్ళం. సుత్తితో రాయి పగలగొట్టడం, యాసిడ్ చుక్క వేసి ఎంత పొంగుతుందో చూడడం, భూతద్దంతో గవ్వల అచ్చులు వెతకడం, విమానం నుంచి తీసిన ఫొటోల మీద గుర్తులు పెట్టుకోవడం. మధ్యాహ్నానికి నలుగురం ఒకే క్యాబిన్‌లో చేరేవాళ్ళం. ఆ ముసలి జనరేటరు ఒక్క ఏసీనే లాగగలిగేది మరి. జాఫర్ భాయ్ చింతపండు పిసికి చేసే ఖట్టీ దాల్, రాజన్న కోసం ప్రత్యేకంగా చేసే పచ్చిపులుసు, తడిసిన బూట్లు, డీజిల్, అన్నీ కలిసిన వాసనలో ఇద్రీస్ గారు బల్ల మీద పటం షీటు పరిచి నన్ను నిలదీసేవారు. "ఈ గీత ఇక్కడ ఎందుకు గీశావు? అక్కడిదాకా నడిచావా?" నడవలేదంటే రబ్బరు తీసి చెరిపేసేవారు. కోప్పడేవారు కాదు. "నడవని చోట గీత గీయకు వలదీ," అనేవారంతే. వలదీ అంటే వాళ్ళ భాషలో నా కొడుకా అని. ఆ మాట విన్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి.

మా పాస్‌పోర్టులు దోహా ఆఫీసులో ఉండేవి. ఆ రోజుల్లో దేశం దాటాలంటే కఫీల్, అంటే మనల్ని పనికి రప్పించిన యజమాని, తరఫున ఎగ్జిట్ కాగితం కావాలి. ఆ కాగితం ఆఫీసు మేనేజరు చేతిలో ఉండేది. మాకన్నా ముందు ఒక జియాలజిస్టు సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదట. అప్పటినుంచి ఉత్తరపు కొస పటం షీట్లు పూర్తయి అందేదాకా ఎవరికీ ఎగ్జిట్ లేదన్నాడు మేనేజరు. మొదట అంతగా పట్టించుకోలేదు. ఎవరూ కాపలా లేరు, గేటు లేదు, కంచె లేదు. కానీ పోను పోను ఆ ఖాళీయే మీద పడడం మొదలుపెట్టింది. బావి లోపల పైకప్పు ఉరుముతుంటే ఎలా ఉంటుందో నాన్న చెప్పేవాడు. ఊపిరి ఉంటుందట, గుండెలోకి మాత్రం దిగదట. నలువైపులా ఆకాశం తెరిచి ఉన్నచోట నాకది అర్థమైంది. ఎటు నడిచినా నడవొచ్చు, ఎక్కడికీ పోలేం. ఇంటి దగ్గర నాకొక సంబంధం కుదిరింది. శ్రావణంలో ముహూర్తం అనుకున్నారు. అమ్మ ఫోనులో "ఎప్పుడొస్తవు బిడ్డా?" అన్నప్పుడల్లా "వచ్చే నెలలో" అనేవాణ్ణి. ఆ మాట అనడానికే సిగ్గు వేసేదాకా అన్నాను.

అప్పుడు రాజన్నకు కబురొచ్చింది. భార్య లచ్చవ్వ బీడీలు చుట్టేది. ఏడాదిగా ఆయాసం అంటోంది. హైదరాబాద్ ఆసుపత్రిలో చూపిస్తే గుండె కవాటం పాడైందన్నారు, ఆపరేషన్ చేయాలన్నారు. రాజన్న జీపు వెనక నిలబడి నాతో అన్నాడు. "సార్, ఆమె ఒక్కటే ముచ్చట అంటున్నది. నువ్వొస్తెనే బల్లెక్కుత, లేకుంటె ఎక్క అని. నా మొకం జూడకుండ కోయించుకోదట. నేను ఎట్ల పోవాలె సార్?" నేనే అతన్ని ఆఫీసుకు తీసుకెళ్ళాను. మేనేజరు కఠినుడిలా కూడా కనిపించలేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుర్చీ చూపించాడు, నీళ్ళిప్పించాడు. "పాపం, నాకు తెలుసు. కానీ ఒకణ్ణి పంపితే రేపు పదిమంది నిలబడతారు. షీట్లు తెండి, అదే రోజు సంతకం పెడతాను," అన్నాడు.

తర్వాత ఒక సాయంత్రం జీపు కనిపించలేదు. ఇద్రీస్ గారు, నేను చక్రాల జాడ పట్టుకుని సముద్రం వైపు నడిచాం. ఒడ్డుకు ఇవతల ఉప్పు తేలిన చదునునేల ఉంది. పైన అప్పడంలా పెచ్చు కట్టి, కింద చిత్తడి. జీపు అందులో ఇరుసుల దాకా దిగబడిపోయింది. రాజన్న దాని పైకప్పు మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. సుత్తి కర్రతో నేల పొడిచి చూసుకుంటూ దగ్గరికి వెళ్ళాం.

"ఎక్కడికి రాజన్నా?" అన్నాను.

"అగో, గా పడవలు గనవడ్తలెవ్వా సార్? చేపలోళ్ళు. ఒక్కన్ని కూసోవెట్టుకొమ్మని కాళ్ళు మొక్కుత. గీ నీళ్ళు దాటితె బొంబాయే గద."

అతను చూపిస్తున్నది వాయవ్యం. అటు బొంబాయి లేదు. దిక్కులు చెప్పడమే నా ఉద్యోగం, ఆ ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రాజన్న ఏమంటున్నాడని ఇద్రీస్ గారు అడిగారు. చెప్పాను. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆ బురదలోకి దిగి, జీపు ఎక్కి రాజన్న పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ ఒకే వైపు చూశారు. తర్వాత తనకొచ్చిన కాసింత హిందీలో, "రాజన్నా, ఇధర్ రాస్తా నై. రాస్తా ఆఫీస్ మే హై," అన్నారు. అతని చేయి పట్టుకుని దింపారు.

మర్నాడు చక్రాల కింద పలకలు వేసి నలుగురం జీపును బయటికి లాగాక, ఇద్రీస్ గారు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. షీట్లు దాదాపు పూర్తయ్యాయనీ, తన సంతకం మాత్రమే మిగిలిందనీ చెప్పారు. మేనేజరు ముఖం వికసించింది. "రాజన్న తన భార్య పక్కన నిలబడి ఫోన్ చేయాలి. తర్వాత మల్లేశానికీ జాఫర్‌కీ కాగితాలు రావాలి. అప్పుడే సంతకం పెడతాను," అన్నారు ఇద్రీస్ గారు.

"మీరు నన్ను బెదిరిస్తున్నారా డాక్టర్?"

"లేదు. సంతకం లేనంతవరకు అది పటం కాదు, రంగులేసిన కాగితం. కావాలంటే తీసుకోండి."

ఆయన బయటికి నడిచాక మేనేజరు నన్ను ఆపాడు. తలుపు వేశాడు. "నువ్వూ జియాలజిస్టువే. నువ్వే సంతకం పెట్టు. ఈ వారమే ఇంటికి పంపిస్తాను. తిరిగొచ్చాక సర్వే బృందానికి నువ్వే పెద్ద," అన్నాడు. శ్రావణం కళ్ళ ముందు మెదిలింది. వద్దన్నాను. అది ధైర్యం అనుకోవద్దు. ఆ షీట్లలో సగం గీతల దాకా నేను నడవలేదు. ఎవరైనా వేలు పెట్టి ఇది ఎందుకని అడిగితే చెప్పలేను. ఏదో ఒకరోజు నేను సరేనన్న నేల మీద బస్సు పోతుందని, అది కుంగుతుందని భయం వేసింది. జీపులో కూర్చున్నాక ఆయనకు జరిగింది చెప్పాను. విని తల ఊపి, కిటికీ అద్దం దించుకున్నారు.

ఆ వారమే జీపును ఆఫీసువాళ్ళు తీసుకుపోయారు. నీళ్ళ ట్యాంకరు రోజు తప్పించి రోజు వచ్చేది, తర్వాత ఎప్పుడొస్తుందో తెలియకుండా పోయింది. ఎండాకాలం నడినెత్తికొచ్చింది. జాఫర్ భాయ్ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా పప్పుకు పోసేవాడు. స్నానం మాట మరిచిపోయాం. ఇద్రీస్ గారు మాత్రం తెల్లారకముందే లేచి, ఉన్న నాలుగు గింజలు వేయించుకుని, సీసాలో నీళ్ళు పట్టుకుని, పూర్తయిన షీట్లను మళ్ళీ సరిచూడడానికి నడిచి వెళ్ళేవారు. నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. అంతకుముందు నడవని గీతల్లో చాలా వాటిని అప్పుడే నడిచాను. తర్వాత షమాల్ గాలి లేచింది. వాయవ్యం నుంచి వచ్చే ఆ దుమ్ముగాలి ఆగకుండా కొట్టింది. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, గోధుమరంగు వెలుతురులో నలుగురం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నాం. జనరేటరు గొంతు పూడుకుపోయి ఆగిపోయింది. అన్నం నమిలితే ఇసుక కరకరలాడేది.

ఆ గదిలోనే జాఫర్ భాయ్ ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. గరిటె విసిరికొట్టి, "మనందర్కీ తాళం ఏసిండు ముసలాయన! గాయనకు పెండ్లామా, పిల్లలా? బిడ్డ ఒక్కతె, గామె కైరోల సుఖంగ సద్వుకుంటున్నది. మనం ఈడ ఇసుక బుక్కుకుంట సావాల్నా?" అని అరిచాడు. రాజన్న లేచి మూలన నిలబడి, గోడకేసి తల ఆనించుకుని, "నా కోసం మీరంత పానం దీసుకోవద్దు. సంతకం పెట్టుమను సార్. నా కిస్మత్ల ఏమున్నదో గదే అయితది," అన్నాడు. నేను రెండూ తర్జుమా చేశాను. జాఫర్ భాయ్ మాటల్ని కొంచెం మెత్తబరిచాను గాని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. ఇద్రీస్ గారు కుడుతున్న సాక్సు ఒళ్ళో పెట్టుకుని అన్నారు. "జాఫర్‌తో చెప్పు, అతని కోపం న్యాయమైందే. కానీ పటం ఇచ్చేశాక అడగడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఇవాళ రాజన్న. రేపు జాఫర్ తల్లి అయితే? అప్పుడు ఏమిచ్చి అడుగుతాం?" జాఫర్ భాయ్ వంగి గరిటె తీసుకున్నాడు.

గాలి తగ్గాక, ఎన్ని రోజులకో, దూరంగా దుమ్ము రేపుకుంటూ తెల్ల కారొకటి వచ్చింది. పని ఇచ్చినవాళ్ళు షీట్లు ఏవని నిలదీశారట. మేనేజరు స్వయంగా దిగాడు, చేతిలో రాజన్న పాస్‌పోర్టు, ఎగ్జిట్ కాగితం. రాజన్న పాస్‌పోర్టు తెరిచి తన ఫొటోనే గుర్తుపట్టనట్టు చూశాడు. పెట్టె సర్దుకోవడానికి పెట్టే లేదు, ఒక సంచి అంతే. వెళ్ళేముందు ఇద్రీస్ గారి పాలిష్ బూట్లకు దండం పెట్టబోతే ఆయన ఎగిరి వెనక్కి గెంతారు. జాఫర్ భాయ్ నవ్వాడు. ఆ వేసవిలో మేం నవ్వింది అప్పుడే. రాజన్న ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. ఇద్రీస్ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాని తెలుగు మొత్తం విన్నారు. తర్వాత నా కాగితం, జాఫర్ భాయ్ కాగితం వచ్చాయి. అప్పుడు పెన్ను మూత తీశారు.

లచ్చవ్వ బతికింది. నేను ఇల్లు చేరేసరికి శ్రావణం దాటిపోయింది. ఆ సంబంధంవాళ్ళు వేరేచోట చూసుకున్నారు. ఇప్పుడు మా ఆవిడ అది గుర్తుచేసి నన్ను ఏడిపిస్తుంటుంది. ఇద్రీస్ గారికి మాత్రం ఎగ్జిట్ రాలేదు. ఆయన ఇవ్వాల్సింది ఇచ్చేశారు, మేనేజరుకు ఇక తొందరేముంది? కొత్త మనుషులతో, కొత్త వంటవాడితో అదే క్యాంపులో చాలాకాలం ఉన్నారు. నేను వేరే కంపెనీలో మళ్ళీ ఖతర్ వచ్చి చూడబోతే అదే మూకుడు, అదే వాసన. "మీ కోసం ఒక్క షీటైనా ఎందుకు ఆపుకోలేదు?" అని అడిగాను. "నాకోసమైతే బేరమాడడం చేతకాదు వలదీ," అని నవ్వారు.

ఇవాళ ఆ ఉత్తరపు కొసకు నున్నటి రోడ్లు. ఎగ్జిట్ కాగితం పోయింది. మొన్న నా దగ్గర డ్రిల్లింగ్ చేసే మనిషి తల్లికి బాగోలేదని మధ్యాహ్నం కబురొస్తే, సాయంత్రానికి విమానం ఎక్కి అక్కడినుంచి నాకు మెసేజ్ పెట్టాడు. తిరిగొచ్చాక పాత రోజుల సంగతి చెబితే, "దేశం దాటడానికి పర్మిషనా సార్?" అని వింతగా చూశాడు. సంతోషించాను, కాస్త ఈర్ష్య కూడా పడ్డాను. కానీ ఎట్టకేలకు ఖార్టూమ్ చేరిన ఇద్రీస్ గారు చివరికి సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో చిక్కుకుపోయారు. సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక వీధి దాటే వీలు లేకపోయింది. కూతురు కైరోలో, ఆయన ఖార్టూమ్‌లో. ఫోను కలిసిన రోజుల్లో "నాకేం, నీడలో ఉన్నాను, మా క్యాంపు కన్నా ఇది నయం," అనేవారు. తర్వాత ఫోను కలవడం మానేసింది. జ్వరమట, డాక్టరు దొరకలేదట. మాలో ప్రతి ఒక్కరికీ దారి తెరిచిన మనిషి కోసం ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఎవరి ముందు నిలబడి ఏం అడగాలో నాకు తెలియలేదు. నా జేబులో పాస్‌పోర్టు ఉంది, చేతిలో ఫోను ఉంది, అయినా ఈ ఏడాది పొడవునా నాకు అదే ఊపిరాడనితనం. ఇదంతా చెబుతుంటే జాఫర్ భాయ్ తల వంచుకుని బల్ల మీది ఉల్లిపొట్టు ఏరుతూ విన్నాడు.

"రాజన్నకు చెప్పాలె గద సార్," అని అతనే ఫోను కలిపాడు. రాజన్న ఇప్పుడు ఊళ్ళోనే పసుపు పండిస్తున్నాడు. జాఫర్ భాయ్ ఫోను నా చేతిలో పెట్టాడు. చెప్పాను. అవతల ట్రాక్టరు చప్పుడు ఆగింది. తర్వాత దూరంగా ఒక ఆడగొంతు, "ఎవలు? ఎవలు పోయిండ్రు? నాకియ్యి," అంటూ దగ్గరికొచ్చింది.

"సార్, నేను లచ్చవ్వను," అంది. ఆయన్ని ఎన్నడూ చూడలేదు ఆమె. పేరు కూడా సరిగ్గా పలకలేదు. "ఆ ఇదిరీసు సారుకు మట్టి మంచిగ అయ్యిందా? పక్కన అయినోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

పక్కింటివాళ్ళు ఉన్నారమ్మా, మర్యాదగానే ఖననం చేశారట అన్నాను.

"గంతే చాలు," అంది. ఊపిరి పీల్చుకోవడం వినిపించింది, నిండుగా, ఏ ఆటంకమూ లేకుండా. "మా ఇంట్ల ఈ పొద్దు పొయ్యి ముట్టియ్య సార్. ఆయన బిడ్డకు చెప్పుండ్రి. ఈడ గూడ ఓ ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదని చెప్పుండ్రి."